తెరచాప పడవకు కరెంటు మోటారు



తెరచాప పడవలో సరస్సు మధ్యకు వెళ్లాక గాలి పడిపోతే ఏం చెయ్యాలి? తెడ్డు వెయ్యాలి, లేదంటే గాలి తిరిగొచ్చేదాకా కూర్చోవాలి. వేసవి సాయంత్రాల్లో చిన్న సరస్సుల మీద ఇది మామూలే. పొద్దు వాలేసరికి ఆకు కూడా కదలదు, చాప వడలిపోయి వేలాడుతుంది, పిల్లలు ఆకలంటారు. రేవేమో కిలోమీటరు దూరంలో కనిపిస్తూనే ఉంటుంది. అందుకని పదిహేను, పదహారు అడుగుల పడవలకు కూడా చాలామంది పెట్రోలు ఇంజను తగిలిస్తారు. నేను చెప్పేదేమిటంటే, అంత చిన్న పడవకు ఆ ఇంజను అక్కర్లేదు. చేపలు పట్టేవాళ్లు వాడే ట్రోలింగ్ మోటారు, దానికో మంచి బ్యాటరీ, ఈ రెండూ చాలు. ఎందుకు చాలుతాయో, ఎక్కడ చాలవో ఇవాళ కాస్త వివరంగా చెప్తాను.

గాలాన్ని నీళ్లలో వదిలి, పడవను చాలా మెల్లగా నడుపుతూ చేపను ఆకర్షించే పద్ధతి ఒకటుంది. దాన్నే ట్రోలింగ్ అంటారు. ఆ పనికి చప్పుడు చెయ్యని, నిదానంగా తిరిగే మోటారు కావాలి. 1934లో అమెరికాలో, నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గో పట్టణంలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఏ కారు స్టార్టర్ మోటారు తీసుకుని, వంగే కడ్డీ ఒకటి బిగించి, దాని చివర చిన్న ప్రొపెల్లర్ పెట్టాడు. ఆయన మొదలుపెట్టిన కంపెనీయే మిన్ కోటా. మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల సరిహద్దులో పుట్టింది కనుక రెండు పేర్లూ కలిపి ఆ పేరు పెట్టారు.

అయితే పడవకు కరెంటు మోటారు అనే ఆలోచన అంతకంటే చాలా పాతది. 1838లోనే రష్యాలో మోరిట్జ్ యాకోబీ సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర నెవా నది మీద బ్యాటరీతో పడవ నడిపి చూపించాడు. 1881లో గుస్తావ్ ట్రూవే పారిస్‌లో సెన్ నది మీద ఇంకో అడుగు ముందుకు వేశాడు. మోటారును, ప్రొపెల్లర్‌ను చుక్కానికే అమర్చి, కావాలంటే మొత్తాన్నీ ఊడదీసుకునే వీలు కల్పించాడు. పడవ వెనక తగిలించుకుని, పని అయ్యాక తీసి ఇంటికి పట్టుకెళ్లే ఇంజన్లన్నిటికీ మూలం అదే. అంటే ఆ తరహాలో మొదట వచ్చింది కరెంటుదే, పెట్రోలుది తర్వాత వచ్చింది. ఈ సంగతి నాకు చాలా ఇష్టం.

ఇక మా సరస్సు సంగతి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం చెస్టర్ కౌంటీలో మార్ష్ క్రీక్ అనే సరస్సు ఉంది. ఫిలడెల్ఫియాకు పడమరగా, ఎక్స్‌టన్, డౌనింగ్‌టౌన్ ఊళ్లకు దగ్గర్లో. ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టడంతో ఏర్పడిన సరస్సు అది, విస్తీర్ణం 535 ఎకరాలు. అక్కడ పెట్రోలు ఇంజను నిషిద్ధం. తెరచాప, తెడ్డు, కరెంటు మోటారు, ఇవే. అందువల్ల సరస్సు మధ్యలో ఉన్నా ఒడ్డు మీది మాటలు వినిపిస్తాయి. అక్కడ తరచూ కనిపించే రకం పడవల్లో ఒకటి డే సెయిలర్. 1950ల చివర్లో బ్రిటన్‌కు చెందిన ఊఫా ఫాక్స్, అమెరికాకు చెందిన జార్జ్ ఓడే కలిసి రూపొందించిన పడవ. పొడవు 17 అడుగులకు కొంచెం తక్కువ, ఉత్త పడవ బరువు 260 కిలోల చిల్లర. ఇద్దరు మనుషులు, చాపలు, బ్యాటరీ, మోటారు అన్నీ కలిపితే 450, 500 కిలోలు. ఇవాళ్టి లెక్కలన్నీ ఈ పడవకే చెప్తాను.

ట్రోలింగ్ మోటార్లను హార్స్‌పవర్‌లో కొలవరు. ఎంత తోపు ఇస్తాయో పౌండ్లలో చెప్తారు. మార్కెట్లో 30, 40, 55 పౌండ్లవి 12 వోల్టుల మీద పనిచేస్తాయి. 55 పౌండ్లంటే దాదాపు 25 కిలోలు. పడవను తాడుతో రేవుకు కట్టేసి మోటారు పూర్తిగా తిప్పితే, ఆ తాడు మీద 25 కిలోల లాగుడు పడుతుందని దాని అర్థం. పూర్తి వేగంలో అది లాగే కరెంటు 50 ఆంపియర్లు. 12 వోల్టులతో హెచ్చిస్తే 600 వాట్లు, ఒక హార్స్‌పవర్ కూడా కాదు. ఇంత చిన్నది పడవను ఏం నడుపుతుందని అనుమానం రావడం సహజం. చేపల పడవల వాళ్ల మోటు లెక్క ఒకటుంది: మొత్తం బరువులో ప్రతి వంద పౌండ్లకు రెండు పౌండ్ల తోపు. మా పడవకు అది 20, 22 పౌండ్లకు వస్తుంది. గాలి లేని రోజున 30 పౌండ్ల మోటారే చాలన్నమాట. అయినా 55ది కొనమంటాను, కారణం తర్వాత చెప్తాను.

ముందు వేగం సంగతి చూద్దాం. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

నీటిని చీల్చుకుంటూ వెళ్లే పడవ ముందు ఒక అల లేస్తుంది, వెనక ఒకటి లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య దూరం పెరుగుతుంది. ఒక దశలో ఆ దూరం పడవ పొడవుతో సమానమవుతుంది. అక్కడి నుంచి ఇంకా వేగంగా వెళ్లాలంటే పడవ తాను లేపిన అల మీదికి తానే ఎక్కాలి, నిండు బండిని గట్టు ఎక్కించినట్టు. నీటిని తాకే పొడవు పదహారు అడుగులున్న పడవకు ఆ హద్దు గంటకు 10 కిలోమీటర్లు. ఎంత పెద్ద ఇంజను పెట్టినా బరువైన తెరచాప పడవ ఆ హద్దు దాటడం కష్టం. పెట్రోలు, చప్పుడు దండగ. అదే ఆ హద్దుకు చాలా కింద, మెల్లగా వెళ్తున్నంతసేపూ నీరు పెట్టే ఇబ్బంది చాలా తక్కువ. వేగం సగానికి తగ్గిస్తే కావలసిన శక్తి సగం కాదు, దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఈ ఒక్క సూత్రం బ్యాటరీ దగ్గర ఎలా పనిచేస్తుందో చూడండి. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసుకుందాం. దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కనుక మనం వాడుకోదగింది 50 మాత్రమే. మోటారు పూర్తిగా తిప్పితే పడవ గంటకు 7 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 50 ఆంపియర్లు లాగుతుంది కదా, గంటసేపు వస్తుందనుకుంటాం. రాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత గట్టిగా పిండితే అంత తక్కువ ఇస్తుంది. డబ్బా మీద రాసిన 100 అనే అంకె, ఇరవై గంటలపాటు కొంచెం కొంచెంగా వాడితే వచ్చేది. కాబట్టి 40 నిమిషాలు, నాలుగున్నర కిలోమీటర్లు. అంతే. ఇప్పుడు అదే మోటారును తగ్గించి గంటకు 3.5 కిలోమీటర్ల వేగంలో నడపండి. కరెంటు 7, 8 ఆంపియర్లకు దిగుతుంది. ఆరు గంటలు నడుస్తుంది, 20 కిలోమీటర్లు పోతుంది. బ్యాటరీ మారలేదు, పడవ మారలేదు. చెయ్యి కొంచెం వెనక్కి తిప్పామంతే.

మార్ష్ క్రీక్ సరస్సులో ఏ మూల నుంచి రేవుకు రావాలన్నా 20 కిలోమీటర్లు ఎవరికీ అవసరం పడదు. అందుకే ఈ మోటారు సరిపోతుందంటున్నాను. రేవుకు ఇరవై నిమిషాల్లో చేరాలని పట్టుపట్టేవారికి ఇది నచ్చదు. వాళ్లు అసలు తెరచాప పడవ ఎందుకు కొన్నారో నాకు అర్థం కాదు.

కొనేటప్పుడు ఒక విషయం అడగండి. పాత తరహా, చవక మోటార్లలో ఐదు వేగాలుంటాయి. వేగం తగ్గించినప్పుడు ఆ తగ్గించిన కరెంటులో కొంత భాగం లోపలి తీగచుట్టలో వేడిగా వృథా అవుతుంది. కొత్తవాటిలో కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి, వదిలే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది. నేను చెప్పిన ఆరు గంటల లెక్క ఈ రెండో రకానికే. ధర ఎక్కువైనా అదే తీసుకోవాలి, తెరచాప పడవవాళ్లు నడిపేది ఎప్పుడూ తక్కువ వేగంలోనే కనుక.

ఇంకో మోటారు జతచేస్తే వేగం రెట్టింపవుతుందా అని కొందరు అడుగుతారు. కాదు. ఈ మోటార్ల ప్రొపెల్లర్ నిదానంగా నెట్టడానికి మలిచినది. పడవ వేగం పెరిగేకొద్దీ దాని తోపు తరిగిపోతుంది. ఎంత తేలిక పడవకు పెట్టినా గంటకు 7, 8 కిలోమీటర్ల దగ్గర చతికిలబడుతుంది.

బ్యాటరీ విషయంలో మనవాళ్లకు ఇన్వర్టర్ పుణ్యమా అని కొంత పరిచయం ఉంది. కారు బ్యాటరీ ఈ పనికి పనికిరాదు. క్షణంపాటు పెద్ద కరెంటు ఇచ్చి ఇంజను తిప్పడం దాని పని, గంటలకొద్దీ ఖాళీ చేస్తే పలకలు చెడిపోతాయి. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ గంటలకొద్దీ ఇవ్వగలదు. కానీ అది ఎప్పుడూ నిటారుగా నిలబడి ఉండాలి. తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగి ప్రయాణిస్తుంది, ఒక్కోసారి బోర్లా కూడా పడుతుంది. అప్పుడు ఆమ్లం ఒలికితే మనుషుల ఒంటికీ, పడవకూ ప్రమాదం. కాబట్టి మూసి ఉండే ఏజీఎం రకమో, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమో వాడాలి. ఏదైనా పట్టీతో గట్టిగా కట్టాలి. ముప్పై కిలోల బరువు ఒరిగిన పడవలో జారిందంటే మనిషి కాలు విరుగుతుంది.

నా మొగ్గు లిథియం వైపు. 100 ఆంపియర్ అవర్ది 12 కిలోలే ఉంటుంది. 80, 90 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. పిండినా పెద్దగా తగ్గదు. అయితే దాని గుణం ఒకటి ముందే తెలిసి ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయిపోతుంటే మోటారు నెమ్మదిస్తూ మనకు చెప్తుంది. లిథియం బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ చివరిదాకా ఏమీ చెప్పకుండా ఒక్కసారిగా ఆపేస్తుంది. అందుకని ఎంత వాడామో చూపించే మీటరు పెట్టుకోవాలి. సున్నా డిగ్రీల లోపు చలిలో దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు కూడా. పెన్సిల్వేనియా చలికాలంలో ఇది గుర్తుంచుకోవలసిన మాటే.

బ్యాటరీ పడవ మధ్యలో, వీలైనంత అడుగున ఉంటే పడవ నిలకడగా ఉంటుంది. కానీ అప్పుడు వెనక ఉన్న మోటారు దాకా వైరు పొడవవుతుంది. మన ఇళ్లలో 230 వోల్టుల మీద లెక్కచెయ్యని నష్టం 12 వోల్టుల దగ్గర పెద్దదైపోతుంది. నాలుగు మీటర్ల దూరం అనుకోండి, పోనూ రానూ ఎనిమిది మీటర్ల వైరు. ఏసీకి వేసే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 50 ఆంపియర్ల దగ్గర దాదాపు ఒకటీ పావు వోల్టు వైరులోనే పోతుంది. పదింట ఒక వంతు. 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అర వోల్టు లోపే. బ్యాటరీ ప్లస్ కొసకు దగ్గరగా 60 ఆంపియర్ల బ్రేకర్ తప్పక ఉండాలి. ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుని మోటారు ఇరుక్కుపోతే వైరు కాలకుండా ఆపేది అదే.

ఇప్పుడు బిగించడం. చేపల పడవల్లో ఈ మోటారును ముందు పెట్టడం ఇష్టపడతారు, పడవను లాగుతుందని. మన పడవకు ముందు చిన్న చాప, దాని తాళ్లు ఉంటాయి కనుక వెనకే పెట్టాలి. వెనక మధ్యలో చుక్కాని ఉంటుంది కనుక ఒక పక్కకు జరపాలి. కడ్డీ 36 అంగుళాలది ఎంచుకోండి. ప్రొపెల్లర్ కనీసం అడుగు లోతున మునిగి ఉండాలి, లేకపోతే గాలి పీల్చి ఊరికే గిరగిరా తిరుగుతుంది. పడవ కదలకుండా ఉన్నప్పుడు అడుగు లోతుంది కదా అనుకుంటే చాలదు. చాప దించడానికి ఒక మనిషి పడవ ముందుకు వెళ్తాడు, వెనక భాగం పైకి లేస్తుంది, సరిగ్గా మోటారు కావలసిన ఆ నిమిషంలోనే ప్రొపెల్లర్ నీళ్లపైకి తేలుతుంది. పడవ ముందు మనిషిని నిలబెట్టి కొలవాలి.

ఇంకొకటి, పెద్ద చాపను అదుపులో పెట్టే తాడు ఉంటుంది. పడవ దిశ మార్చేటప్పుడు చాప ఒక పక్కనుంచి రెండో పక్కకు వస్తూ ఆ తాడు వదులై, మోటారు తలకాయకు తగులుకుంటుంది. గాలి గట్టిగా ఉంటే మోటారునే పెకిలించగలదు. అందుచేత చాప మీద వెళ్తున్నంతసేపూ మోటారును పైకి ఎత్తి, పిడిని లోపలికి నొక్కి, వంచి ఉంచాలి. నీళ్లలోనే వదిలేస్తే పడవను వెనక్కి పట్టి లాగుతుంది కూడా.

రేవుకు చేరే తీరులో ఈ మోటారు విలువ బాగా కనిపిస్తుంది. ముందు చిన్న చాప దించండి. గాలికి ఎదురుగా తిరిగి పెద్ద చాప కూడా దించి, దాని అడుగున ఉండే అడ్డకొయ్యకు చుట్టెయ్యండి. మోటారు నీళ్లలోకి దింపి, పిడిని ఒక గీతంత తిప్పండి. చుక్కాని మీ చేతిలోనే ఉంటుంది. పడవ మరీ నెమ్మదించాక చుక్కాని మాట వినదు, దాని పక్కనుంచి నీరు పారితేనే అది పనిచేస్తుంది కనుక. అప్పుడు మోటారునే పక్కకు తిప్పండి. పడవ ఉన్నచోటే వెనక భాగం ఆ పక్కకు జరుగుతుంది. రేవు రెండు బారల దూరంలో ఉండగా పిడిని వెనక్కి తిప్పితే ప్రొపెల్లర్ ఎదురు తిరిగి పడవను నిలబెడుతుంది. పెట్రోలు ఇంజనైతే తాడు లాగి స్టార్ట్ చెయ్యాలి, అది మొరాయిస్తే మళ్లీ లాగాలి, ఈలోగా గాలి పడవను రాళ్ల మీదికి తోస్తుంది. చిన్న పెట్రోలు ఇంజన్లు కొన్నిటికి రివర్స్ గేరే ఉండదు. ఇక్కడ మోటారు ఆగి ఉన్నా సిద్ధంగానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ ఒక్క ధైర్యం కోసమైనా దీన్ని సిఫారసు చేస్తాను.

చాలని చోటు గురించి కూడా చెప్పాలి. ఎదురుగాలి రెట్టింపైతే అది పడవను తోసే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 35 కిలోమీటర్ల గాలిలో నిలువు కొయ్యకు, తాళ్లకు, పడవ ఒంటికి తగిలే బలం, దానికి తోడు కెరటాల దెబ్బ, ఇవి 30 పౌండ్ల మోటారును నిలబెట్టేస్తాయి. 55ది కొనమన్నది ఇందుకే. కానీ అది కూడా తుఫానుకు సమాధానం కాదు. గాలి బలంగా ఉన్నప్పుడు చాపను చిన్నది చేసుకుని గాలితోనే రేవు చేరడం నేర్చుకోవాలి. మోటారు ఉంది కదా అని ఆ విద్య నేర్చుకోకుండా నీళ్లలోకి దిగడం నేను ఒప్పుకోను. నది ప్రవాహంలోనూ అంతే. గంటకు 5 కిలోమీటర్ల ఒరవడికి ఎదురు వెళ్తే మీ 7 కిలోమీటర్లలో మిగిలేది రెండే.

చట్టం సంగతి చిన్నది. పెన్సిల్వేనియాలో కరెంటు మోటారు తగిలించినా సరే, పడవను రిజిస్టర్ చేయించాలి. ఇక 1972 నాటి అంతర్జాతీయ జలమార్గ నియమాల ప్రకారం, చాప ఎత్తి ఉన్నా ప్రొపెల్లర్ తిరుగుతున్నంతసేపూ అది తెరచాప పడవ కింద లెక్క కాదు, మోటారు పడవే. అవతలి తెరచాప పడవకు మనమే దారి ఇవ్వాలి.

నిర్వహణ పెద్దగా లేదు. ప్రొపెల్లర్ నట్టు విప్పితే వెనక చిన్న స్టీలు పిన్ను అడ్డంగా కనిపిస్తుంది. రాయికో, దుంగకో తగిలితే మోటారు పాడవకుండా ముందు విరిగేది ఆ పిన్నే. జేబులో ఒకటి అదనంగా పెట్టుకోండి. నట్టు విప్పినప్పుడు ఇరుసు చుట్టూ వేలు పెట్టి చూడండి. కంటికి కనిపించనంత సన్నగా గాలపు నైలాను దారం చుట్టుకుని ఉంటుంది. అది సీలును కోసి మోటారులోకి నీళ్లు పంపిస్తుంది. ఇలాంటి మోటార్లు చెడిపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

మన దగ్గర దీనికి చోటుందా? హుస్సేన్ సాగర్ మీద చాప పడవల పందేలు జరుగుతాయి. అక్కడి లేజర్ పడవలు మనిషి బరువుతోనే నిలిచేంత తేలికవి, వాటికి మోటారు అక్కర్లేదు. గుర్రపుడెక్క పెరిగిన చెరువుల్లో ఏ ప్రొపెల్లర్‌కైనా ఇబ్బందే. కేరళలో 2017 నుంచి వైకం, తవణక్కడవు మధ్య 75 మందిని ఎక్కించుకుని ఆదిత్య అనే సోలార్ పడవ తిరుగుతోంది. తేలికైన, సన్నని రెండు పొట్టల మీద నిదానంగా నడుస్తుంది కనుకే దానికి ఎండ చాలావరకు సరిపోతోంది. మనం చెప్పుకున్న సూత్రమే అది. పులికాట్ సరస్సు లోతు తక్కువది, తెరచాప తెలిసిన జాలర్లు ఉన్న చోటు. కానీ అక్కడి నీరు ఉప్పు నీరు. మంచినీటి మోటారును అందులో పెడితే ఉప్పు దాన్ని త్వరగా తినేస్తుంది. ఉప్పునీటికని వేరే పూత, తాను కరిగి మోటారును కాపాడే జింకు ముక్క ఉన్న మోటార్లు దొరుకుతాయి, అవే వాడాలి. వలలు, చేపల బరువు, రోజూ నడిపే గంటలు కలిపితే ఒక బ్యాటరీ చాలదు, రెండు కావాలి. పైన సోలార్ పలకలు వెయ్యాలి. సముద్రం మీదికి వెళ్లే పడవకు మాత్రం ఇది వద్దు. గాలి తగ్గిన సాయంత్రం సరస్సులోంచి రేవుకు రావడానికైతే, జాలరి చేతిలో ఉన్న చాపకు ఇది మంచి తోడు.